కుక్క పక్కన కాలిచేటలు

ఇట్లా రా, నా పక్కకు జరిగి కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టు. గట్టిగా చెప్పే సంగతి కాదు ఇది. ఇందులో ఒక పెద్దమనిషి పరువు ఉంది, నా పరువు కూడా ఉంది. నాది పోతే పోయింది, అది పోయి తిరిగొచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆయనది కొత్తగా పోయింది, పాపం.

మంచుకొండల గురించి చెప్పాలంటే ముందు చెప్పుల గురించి చెప్పాలి.

మాది ఆత్మకూరు. మా ఆయన శివన్న ముప్పై ఏళ్ళు శ్రీశైలం బస్సులో కండక్టరు. అందువల్ల మల్లన్న దర్శనం నాకు పక్కింటికి పోయి తోడు పెరుగు తెచ్చుకున్నంత పని. పోయినప్పుడల్లా దేవుడు కనిపించాడు. బయటికి వచ్చినప్పుడల్లా చెప్పులు కనిపించలేదు. పదకొండు జతలు పోయాయి. పదకొండో జతకు ఎర్రటి పూలుండేవి, రెండో రోజు కూడా తొడగలేదు. "మూడు కళ్ళు పెట్టుకొని ఒక జత చెప్పులు కాయలేవా స్వామీ" అని గర్భగుడి ముందే అడిగేశాను. పూజారి విన్నాడు, దేవుడు వినలేదు.

పన్నెండో జత నుంచి నేనే ఉపాయం కనిపెట్టుకున్నాను. ఎడమ చెప్పు టెంకాయల అంగడి కింద, కుడి చెప్పు అవతల కొళాయిల దగ్గర దాచేదాన్ని. దొంగ జత కోసం వస్తాడు కానీ ఒంటి చెప్పు ఏం చేసుకుంటాడు? పదహారేళ్ళు నా చెప్పు మీద ఎవడూ చెయ్యి వేయలేదు. ఈ ఉపాయం మా వీధిలో ఆడవాళ్ళందరికీ నేనే నేర్పాను. నేర్పినందుకు గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వమే మంచుకొండ ఎక్కింది.

లక్ష్మీప్రియ నా కొడుకు కూతురు. నల్లమల కొండలు ఎక్కడం, దిగడం తప్ప చిన్నప్పటి నుంచి ఇంకో ఆట లేదు. చదువైపోగానే పర్వతాలెక్కే శిక్షణకు పోయింది. అక్కడి నుంచి మనాలి పైన ఒక ఊళ్ళో, చలికాలం మంచులో జనాన్ని నడిపించే కంపెనీలో చేరింది. ఆ పిల్ల పుట్టిన ఏడాది మా ఊళ్ళో వాన కూడా పడలేదు, మంచులో ఉద్యోగం ఏమిటో చూడు. ఉద్యోగమంటే ఉద్యోగమూ కాదు. రెండు చలికాలాలు గోదాములో కూర్చుని, వచ్చిపోయేవాళ్ళు తొడిగి విడిచిన మంచు చెప్పులు తుడిచి గోడకు తగిలించింది. జనాన్ని నడిపించాలంటే గైడు బిళ్ళ కావాలి. బిళ్ళ ఇచ్చే పెద్ద గైడు నేగీ అనే ఆయన. "ఎండలో పుట్టిన పిల్లకు మంచు ఏం తెలుస్తుంది" అని రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి పోగా పోగా ఒక పరీక్ష పెట్టాడు.

పోయిన మాఘంలో ఫోను చేసింది.

"జేజీ, అరవై దాటినోళ్ళు ముగ్గురు కావాల."

"యాటికి? బలిచ్చేకా?"

"నడిపించేకి! పొద్దున తొమ్మిదికి రోడ్డు కాడ బయల్దేరి, అడివిలో నడిచి, పైన అమ్మవారి గుడిదాకా పోయి, నాలుగు లోపల ఎనక్కి రావల్ల. ఎవురినీ ఎత్తుకోగూడదు. ఇచ్చిన సామానులో ఒక్కటి గూడా తగ్గగూడదు. అట్లయితేనే బిళ్ళ ఇస్తాడు. ల్యాకుంటే ఈసారి ఇంటికొచ్చేస్తా జేజీ. ఇంగ ఆ చెప్పులు తుడిచేకి నా చాత కాదు."

ఇంటికొచ్చేస్తానన్న మాట ఆ పిల్ల నోట నేను ముందెప్పుడూ వినలేదు. ఆ పిల్ల ఏడ్చే రకం కాదు. చిన్నప్పుడు కంపచెట్టు మీద పడి ముల్లు కాల్లో విరిగితే, పళ్ళ బిగువున నన్నే ఓదార్చింది. అందుకే ఆ మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు.

నేను, మా ఆయన ఇద్దరం. మూడో మనిషి పక్కింటి నన్నీ బీ. దూదేకి బొంతలు కుడుతుంది, నులక మంచాలు అల్లుతుంది. ఆమె అల్లిన మంచం మీద ఇద్దరు పిల్లలను కని, మా ఆయన మీద అలిగి పదేళ్ళు పడుకున్నాను, ఒక్క పోగు జారలేదు. అడగ్గానే, "పా వదినా, చచ్చేలోపల దూది లాంటిది ఇంగోటి చూసినట్లయితాది" అంది. పైగా ఆమెకు ఉర్దూ వచ్చు. హైదరాబాదు దాటినప్పటి నుంచి మా ముగ్గురికీ ఆమే నోరు.

రైలు, బస్సు, ఇంకో బస్సు. ఆ ప్రయాణం ఇంకోసారి చెప్తాను. అది చెప్తే మా ఆయన కట్టుడు పళ్ళ సంగతి వస్తుంది, ఆయన ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు.

ఆ ఉదయం చీర కింద మనవరాలి ప్యాంటు, దాని మీద మా ఆయన ప్యాంటు, పైన నన్నీ బీ దూది నింపి కుట్టిన కోటు వేసుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఆగున్న జీపు అద్దంలో చూసుకుంటే కాళ్ళు మొలిచిన పరుపులా ఉన్నాను. నేగీ వచ్చాడు. మీసాలు చెవులదాకా ఉన్నాయి. మమ్మల్ని తలనుంచి కాళ్ళదాకా చూసి ఏదో అన్నాడు.

"ఏమంటాండాడు నన్నీ?"

"ఈ ముసలోళ్ళు గుడిదాకా పోతారా, సగం దావలోనే పోతారా అంటాండాడు వదినా."

"వాని మీసం అంటించి ముందు వాన్నే పంపిస్తామని చెప్పు."

నన్నీ బీ చేతులు జోడించి, నవ్వుతూ, చాలాసేపు మాట్లాడింది. నేగీ ముఖం విప్పారింది. మీసం దువ్వుకున్నాడు కూడా.

"ఏం చెప్పినావే?"

"మీ మీసాన్ని చూస్తే భయం, బక్తి రెండూ వస్తాండాయని మా వదిన అంటాండాదని చెప్పినా."

లక్ష్మీప్రియ పెదవి కొరుక్కుంటూ పక్కకు తిరిగింది.

తర్వాత మంచు చెప్పులు తెచ్చింది. వాటికి ఏదో ఇంగ్లీషు పేరు చెప్పింది. మేం చూడగానే కాలిచేటలు అన్నాం. మూరెడు పొడవు, నీలంరంగు ప్లాస్టిక్, అడుగున ఇనుప పళ్ళు. చేటంత వెడల్పుంటే కాలు మంచులో దిగబడదట. బూటు దాని మీద పెట్టి పట్టీలు బిగించాలి. నన్నీ బీ తిరగేసి, మరగేసి చూసి ముక్కు చిట్లించింది. "అల్లిక ల్యా, పాడూ ల్యా. ఇది మనిసిని మోసేకి చేసిందేనా పాపా?" అంది.

"మోస్తాది నన్నీ అవ్వా. నువ్వు కాళ్ళు ఎడంగా పెట్టి నడువు."

ఎడంగా అంటే ఎంత ఎడంగా అనుకున్నావు? తొడ మీద సెగ్గడ్డ లేచినవాడు నడుస్తాడు చూడు, అంత. ముగ్గురం ఆ వరసలో పోతుంటే దారిన పోయే ఒక ఆవు ఆగి మమ్మల్ని చూసింది. కండక్టరుకు అలవాటు పోతుందా, మా ఆయన వెనక నిలబడి "రైట్ రైట్" అన్నాడు. నేను ఆయాసపడి ఆగితే "హోల్డాన్, ముసలామె దిగుతాది" అన్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా "దోర్నాల… దోర్నాల దిగేవాళ్ళు" అని అరిచాడు. ఆ అరుపుకు దేవదారు కొమ్మ మీదున్న మంచంతా జారి ఆయన నెత్తిన పడింది. కొండకు కూడా ఆయన టిక్కెట్లు నచ్చలేదు.

మధ్యలో నాకు ఒంటికి వచ్చింది. రెండు ప్యాంట్లు, ఒక చీర, రెండు కాలిచేటలు, ఎక్కడ చూసినా తెలుపు. ఆ కథ ఆడవాళ్ళకు మాత్రమే చెప్తాను. అంతసేపూ నన్నీ బీ తన దుప్పటి అడ్డం పట్టుకుని నవ్వుతూనే ఉంది, దుప్పటి కదులుతూనే ఉంది.

అయితే ఒక మాట నిజంగా చెప్తాను. అడవి దాటి పైకి రాగానే ఎదురుగా కొండలన్నీ ఒక్కసారిగా విప్పుకున్నాయి. ఎండ పడి, ఏకిన దూది రాశులు పోసినట్టు ఒకదాని వెనక ఒకటి. ఎక్కడా చప్పుడు లేదు, మా ఊపిరి చప్పుడే మాకు వినిపించింది. నన్నీ బీ చెయ్యి చాచి గాలిలోనే ఆ దూదిని నిమిరింది. నేను నోరు మూసుకున్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకో, ఆ కొండల్లో మంచు ఏటేటా పడుతుంది, నా నోరు మూతపడడం మాత్రం అదొక్కసారే.

పన్నెండున్నరకు గుడి చేరాం. చిన్న కట్టె గుడి, వాలుగా రేకుల కప్పు. కప్పు మీద మనిషెత్తు మంచు. వాకిట్లో ఊడ్చిన రాతి వసారా. పూజారి లేడు, తలుపు తీసే ఉంది.

లక్ష్మీప్రియ గబగబా చెప్పింది. "దిగేదావలో చెట్లేమన్నా పడినాయేమో చూసొస్తా. పది నిమిషాలు. కాలిచేటలు ఇప్పి ఈ గోడకు ఆనిచ్చి పెట్టండి. యాడికీ పోవద్దండి. జేజీ, నీకే చెప్తాండా."

"నేనేం చేస్తా పాపా, పొయ్యిరాపో" అన్నాను. అన్నప్పుడు నిజంగానే ఏమీ చేయాలని లేదు.

కాలిచేటలు విప్పాం. బూట్లు కూడా విప్పాం. గుడిలోకి బూట్లతో పోతామా? నన్నీ బీ వసారాలో కూర్చుని మూడు జతల బూట్లు ఒళ్ళో పెట్టుకుంది. "ఈటిని నేను కాస్తా. మీరు పొయ్యి దండం పెట్టుకోని రాండి" అంది. కాలిచేటలు మాత్రం ఒళ్ళో పట్టలేదు. ఆరు చేటలూ ఆమెకు కనబడని పక్క గోడకు వరసగా ఆనించి ఉన్నాయి, నీలంగా, కొత్తగా, మెరుస్తూ.

గుడి. వాకిలి. విప్పిన కొత్త జతలు. కాపలా లేదు. పదకొండు జతలు ఒకేసారి నా కళ్ళ ముందు తిరిగాయి. పోతే పోయేది చెప్పు కాదు, పాప బిళ్ళ పోతుందనుకున్నాను.

అంతే. గుడి చుట్టూ జనం తొక్కి గట్టిపడిన మంచులోకి మేజోళ్ళ కాళ్ళతోనే దిగాను. మూడు కుడి చేటలు తీసుకుని గుడి వెనక, చూరు కింద, మంచులోకి తోశాను. మూడు ఎడమవి తీసుకుని అవతలి పక్కకు పోయాను. గుర్తు కావాలి కదా? అంగడి లేదు, కొళాయి లేదు, అంతా తెలుపే. ఆ తెలుపంతటిలో నల్లగా ఉన్నది ఒక్కటే కనిపించింది. ఒక కుక్క. దూడంత ఉంది, ఒళ్ళంతా ఉన్ని, ముడుచుకుని నిద్రపోతోంది. దాని తోక పక్కన మూడు చేటలూ పూడ్చి, పైన చక్కగా మంచు సర్ది వచ్చాను.

"యాడికి పొయింటివి?" అన్నాడు మా ఆయన.

"దేవుని పని మీద" అన్నాను.

లోపల అమ్మవారికి దండం పెట్టుకున్నాను. మా పాపకు బిళ్ళ ఇప్పించు తల్లీ అని అడిగాను. చెప్పుల సంగతి నీకు శ్రమ ఇవ్వలేదు, నేనే చూసుకున్నాను అని కూడా చెప్పాను. ఆ మాట అన్న క్షణానికే గుడి వెనక దబ్బుమని చప్పుడైంది. నేల అదిరింది. ఎండకు కరిగి కప్పు మీది మంచు మొత్తం జారి, సరిగ్గా చూరు కింద కుప్పగా పడింది. నా కుడి చేటల మీద.

పరుగెత్తుకుంటూ బయటికి వచ్చాను. ఎడమ వైపు చూశాను. అంతా తెలుపు. కుక్క లేదు. ఆ చప్పుడుకు లేచి పోయింది. పైగా సన్నగా మంచు రాలుతోంది, గుంటలు, అడుగులు అన్నీ పూడిపోతున్నాయి.

అప్పుడే లక్ష్మీప్రియ వచ్చింది. గోడ చూసింది. మమ్మల్ని చూసింది.

"కాలిచేటలు యాడ?"

మా ఆయన నా ముఖం చూసి అంతా కనిపెట్టేశాడు. నలభై ఎనిమిదేళ్ళ కాపురం మరి. నన్ను కాపాడదామని ముందుకొచ్చి, "దొంగలు పడినారేమో పాపా" అన్నాడు.

"ఈ కొండ మీద దొంగ యాడుండాడు తాతా?"

నేను గొంతు సవరించుకున్నాను. "నేనే దాపెట్టినాను. కుడివి చూరు కింద ఉండాయి."

పాప వెనక్కి పోయి ఆ కుప్ప చూసి వచ్చింది. "ఎడమవి?"

"కుక్క పక్కన."

"ఏ కుక్క?"

"ఆడ పండుకోనుండె."

"యాడ జేజీ?"

"కుక్క ఉన్న చోట."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. వసారా మెట్టు మీద కూర్చుని చేతి తొడుగులు విప్పి, "రెండేండ్లు తుడిచినాను జేజీ ఆటిని. ఒక్కటి పోనియ్యలా" అంది. అంతే. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు నా ఎదలో కలుక్కుమంటుంది.

నన్నీ బీ బూట్లు పక్కన పెట్టి లేచింది. "ఏడ్చేది కింద ఏడ్చుకుందాం. కుక్క యాడికి పోతాది? తిండి పెడితే వస్తాది. తిన్నాక దాని చోటికే పోతాది. పండుకునే చోటు మార్చేది మనుసులే, కుక్కలు మార్చవు."

మూటలో కజ్జికాయలు, చెనిక్కాయల ఉంటలు ఉన్నాయి. మా ఆయన కండక్టరు గొంతుతో "రావాల రావాల, ముందుకు జరగాల" అని పిలిచాడు. కుక్క ఎక్కడి నుంచో వచ్చింది. నాలుగు కజ్జికాయలు తినింది. ఉంటలు తినింది. మా మధ్యాహ్నం రొట్టెలు కూడా తినింది. తిని, మమ్మల్ని ఒకసారి చూసి, పోయి, మూడు చుట్లు తిరిగి పడుకుంది. కడుపు నిండిన మగవాడు ఎవరైనా చేసే పనే అది. నేను మా ఆయన వైపు చూడలేదు, ఆయనే సర్దుకున్నాడు.

తోక పక్కన తవ్వాం. లేవు. 

"జేజీ, అప్పుడు తల ఎటుండె?"

అప్పుడు తట్టింది. ఈసారి కుక్క తల అటు పెట్టి పడుకుంది. తల పక్కన తవ్వితే మూడు ఎడమ చేటలూ బయటపడ్డాయి. కుక్క ఒక కన్ను తెరిచి, ఈ ముసలివాళ్ళు ఏ దేశం వాళ్ళో అన్నట్టు చూసి మళ్ళీ మూసుకుంది.

కుడివి అంత సులువు కాలేదు. జారిపడిన మంచు రాయిలా బిగుసుకుంది. పాప దగ్గర చిన్న పార ఉంది. గంటసేపు తవ్వి ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. మూడోది దొరకలేదు. రెండుంపావు దాటింది. పాప చేతులు ఎర్రగా కందిపోయాయి.

"నేను ఒంటి చేటతో వస్తా పా" అని గుడి దాటి మెత్తటి మంచులో ఒక అడుగు వేశాను. కుడికాలు తొడదాకా దిగబడింది. ఇద్దరు పట్టి లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు. బూటును మళ్ళీ తవ్వి తీశారు.

నన్నీ బీ గుడి పక్కన కట్టెల కొట్టంలోకి పోయి ఒక ఆపిల్ పండ్ల పెట్టె తెచ్చింది. సన్నటి పలకలు కొట్టిన పెట్టె. రాయితో మేకులు ఊడగొట్టింది. తన మూటకు కట్టిన నులక తాడు విప్పింది. నాలుగు పలకలతో చట్రం, దాని మీద అడ్డం, నిలువు, మళ్ళీ అడ్డం. చేతులు ఎట్లా ఆడుతున్నాయో చూడాలి. తాడును పంటితో పట్టి లాగుతూ, మంచం కాళ్ళవైపు బిగించినట్టే చివర బిగించింది. మీటితే తాడు టంగుమంది.

"నీకు అల్లిన మంచాలన్నిట్లో ఇదే చిన్నది వదినా. దీంట్లో మాత్రం పండుకోవద్దు, నడువు" అంది.

లక్ష్మీప్రియ దాన్ని మోకాళ్ళ మీద కూర్చుని నా కాలికి కట్టింది. తాడు లాగి చూసింది, నా బరువు వేయమంది, కింద వంగి పలక పలకా తట్టింది. అప్పుడు లేచి మమ్మల్ని ముగ్గురినీ వరసలో నిలబెట్టింది. ఆ గొంతు మారిపోయింది. "తాత ముందర, నన్నీ అవ్వ నడాన, జేజి నా పక్కన. నేను నిలబడమంటే నిలబడల్ల. మాటలు తక్కువ." పరీక్ష అప్పుడు మొదలైందని నాకు అనిపించింది.

దిగాం. నా ఎడమ కాలు చప్పుడు లేకుండా పోతుంటే కుడి కాలు కిర్రు కిర్రుమంది. పలక మీద ఎర్ర ఆపిల్ బొమ్మ ఉంది, నేను అడుగేసిన చోటల్లా మంచులో నులక మంచం అచ్చు పడ్డట్టు తాడు గుర్తులు పడ్డాయి. ఒక వాలు దగ్గర జారి కూర్చుండిపోయాను. పాప చెయ్యి ఇవ్వబోయి ఆగింది. ఎత్తకూడదు కదా. "జేజీ, పక్కకు దొర్లి, మోకాలు మీదకు రా. మెల్లగ. నీ చాతయితాది" అంది. నాకు చేతనైంది. చేతకాకపోతే బిళ్ళ పోయినా సరే నన్ను ఎత్తుకునేదని ఆ పిల్ల ముఖంలో కనిపించింది కాబట్టి చేతనైంది.

రోడ్డు మీదకు వచ్చేసరికి మా ఆయన గడియారం చూసి, "మూడూ యాభై రెండు. రైట్ టైం కన్నా ఎనిమిది నిమిషాలు ముందే" అని ఈల వేశాడు.

నేగీ మనుషులను లెక్కపెట్టాడు. ముగ్గురు, ముగ్గురూ కాళ్ళ మీదే. చేటలు లెక్కపెట్టాడు. అయిదు. తర్వాత నా కుడికాలు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆపిల్ బొమ్మ కూడా ఆయనను చూసింది.

నన్నీ బీ నోరు తెరవబోతే నేను మోచేత్తో పొడిచాను. "అబద్దం చెప్పొద్దు. నేనే దాపెట్టినానని చెప్పు."

"చెప్తే పాపకు పోతాది వదినా."

"చెప్పకపోతే పాప పోగొట్టినట్లయితాది. చెప్పు."

ఆమె చెప్పేలోపే లక్ష్మీప్రియ హిందీలో మొదలుపెట్టింది. నన్నీ బీ నా చెవిలో చెప్పింది: తప్పు తనదేనట. ముగ్గురి కాళ్ళు చూసిందట కానీ, కాళ్ళకున్నవి చూడకుండా పోయిందట. తన జేజి గుడి ముందర చెప్పులు చూస్తే ఊరకుండదని తెలిసి కూడా పోయిందట. అది వింటే నాకు కోపం రావాలి. కళ్ళనీళ్ళు వచ్చాయి.

నేగీ పుస్తకం తీసి రాశాడు. ఒకటి తక్కువ. కాగితం రేపు మధ్యాహ్నం పైవాళ్ళకు పంపుతాడట, ఆలోపు దొరికితే దిద్దుతాడట. తవ్వేటప్పుడు తాను కళ్ళతో చూడాలట.

మర్నాడు పొద్దున్నే ఆయన, పాప, చోటు తెలుసు కాబట్టి నేను, నోరు కాబట్టి నన్నీ బీ బయలుదేరాం. మా ఆయన మోకాళ్ళ నొప్పులని పండుకున్నాడు. గోదాములో కొత్త జత ఇస్తామన్నా నేను తీసుకోలేదు. ఆపిల్ పెట్టెతోనే ఎక్కాను. నేగీ దారంతా నా కాలినే చూస్తూ వచ్చాడు.

గుడి వెనక ఇద్దరూ పెద్ద పారలతో తవ్వారు. మోకాలు లోతు పోయారు. నడుం లోతు పోయారు. పార దేనికో తగిలింది. పాప వంగి లాగింది. నీలం కాదు, గోధుమరంగు. ఒక తోలు బూటు. కొత్తది. ఇంకాస్త తవ్వితే దాని జత.

నేగీ పార వదిలేశాడు. బూటు చేతిలోకి తీసుకుని లోపల చూశాడు, మడమ చూశాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఏమైంది పాపా?"

లక్ష్మీప్రియ తెలుగులో, పెదవులు కదలకుండా చెప్పింది. "సారువే జేజీ. నెలనాళ్ళ కింద ఈడ జాతరప్పుడు పొయినాయి. వాళ్ళ బామ్మర్ది ఎత్తకపొయినాడని ఊరంతా చెప్పినాడు. బజార్లో గల్లాలు పట్టుకున్న్యారు. ఆయన కూతురు పెండ్లికి గూడా ఈయన పోలేదు."

అంటే ఆయనా చూరు కిందే పెట్టాడు. వాటి మీదా అమ్మవారి కప్పు అట్లాగే మంచు దులిపింది.

నన్నీ బీని పిలిచాను. "రెండూ ఒకే చోట పెట్టినాడా అని అడుగు."

అడిగింది. ఆయన తల ఊపాడు.

"చూడు మరి. నేను రెండు తావుల్లో పెడితే సగమే పాయ, జతగా పెడితే జతే పోతాదని చెప్పు." ఈసారి నన్నీ బీ నేను చెప్పింది చెప్పినట్టే చెప్పింది. ఇన్నేళ్ళలో అదొక్కసారే. ఆయన మీసం కింద ఏదో కదిలింది. నవ్వో, ఏడుపో, ఆ మీసంలో తెలియలేదు.

బూట్లకు రెండడుగుల పక్కన, కాస్త పైనే నా నీలం చేట దొరికింది. పాప దాన్ని కొంగుతో… కొంగు ఎక్కడిది, చేతి తొడుగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. ఆయన మెట్టు మీద కూర్చుని పుస్తకం తీసి, నిన్న రాసిన ముక్క కొట్టేసి, సంతకం చేశాడు. అప్పుడు లోపలి జేబులోంచి బిళ్ళ తీశాడు. ఇత్తడి బిళ్ళ, చిన్నది, మన పశువుల మెడలో కట్టేదానికంటే చిన్నది. ముందురోజు నుంచీ జేబులో పెట్టుకునే తిరుగుతున్నాడన్నమాట! పాప చేతిలో పెట్టి ఏదో అన్నాడు.

"బూట్ల సంగతి కింద ఎవురికీ చెప్పొద్దంటాండాడు" అంది నన్నీ బీ.

లక్ష్మీప్రియ బిళ్ళ పట్టుకుని ఆయనకేదో జవాబిచ్చింది. మెల్లగా చెప్పింది కానీ తల దించలేదు. నన్నీ బీ కళ్ళు పెద్దవి చేసుకుని నాకు చెప్పింది: తాను ఎవరికీ చెప్పదట. కానీ బామ్మర్దికి మాత్రం సారే పోయి చెప్పాలట. నిన్న ఇదే గుడి దగ్గర వాళ్ళ జేజి తన తప్పు తానే చెప్పిందట, సారుకు అంతకంటే కష్టమా అని అడిగిందట.

 ఆయన లేచి, ఆ రెండు బూట్లూ తాళ్ళు ముడేసి మెడలో వేసుకున్నాడు. దిగేటప్పుడు ఊళ్ళోకి రాగానే మాతో రాకుండా పక్కసందులోకి తిరిగాడు. ఒక నీలం తలుపు తట్టాడు. తలుపు తెరిచినవాడు మొదట బూట్లు చూశాడు, తర్వాత ముఖం చూశాడు. లోపలికి రమ్మన్నాడో, పొమ్మన్నాడో చూద్దామని నేను ఆగాను. పాప నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. గైడు మాట వినాలి కదా.

ఇప్పుడు మా లక్ష్మీప్రియ జనాన్ని నడిపిస్తోంది. గుడి దగ్గర ఎవరు కాలిచేటలు విప్పినా రెంటినీ కలిపి నులకతో కట్టి వాళ్ళ చేతికే ఇస్తుందట. నా ఆపిల్ పెట్టె చేట గోదాములో మేకుకు వేలాడుతోందట. ఎవరిదని అడిగితే, అది కుక్కకు తెలుసు అంటుందట.

నేగీకి మాట ఇచ్చానా అంటావా? ఇచ్చాను. అక్కడ ఎవరికీ చెప్పలేదు. అక్కడ నాకు భాష రాదు. బస్సు కర్నూలులో ఆగాక మొదలుపెట్టాను, ఇప్పటికి మన వీధి అయిపోయింది, అవతలి వీధి సగమైంది. నాకు మోకాళ్ళు లాగుతున్నాయి, మిగతా ఊరు నువ్వు చూసుకో. ఒక్క మాట మరిచిపోకుండా పెట్టుకో, నీ పిల్లలకు కూడా చెప్పు. చెప్పేటప్పుడు నేను జారిపడింది చెప్పకపోయినా ఏం కాదు. కానీ కుక్క నల్లదని మాత్రం చెప్పు. తెల్లదంటే కథే లేదు.